మొహమాటమే పెట్టుబడి

పెళ్లిళ్లు లేని ఆదివారాల్లో ఫంక్షన్ హాళ్లు ఎవరికి అద్దెకు పోతాయో పట్టణాల్లో అందరికీ తెలుసు. బయట రంగుల బ్యానరు, లోపల చెవులు దిబ్బళ్లు పడే పాట, వేదిక మీద సూటు వేసుకున్న వక్త. ఎదుట కుర్చీల్లో బీటెక్ పూర్తయి ఏళ్లు గడిచినా కొలువు దొరకని కుర్రాడు, రిటైరైన హెడ్మాస్టరు, ఇంట్లో మిషను కుట్టుకునే ఇల్లాలు, మందుల షాపులో పనిచేసే మనిషి. అందరిదీ ఒకటే గోడు. గొలుసుకట్టు వ్యాపారంలో డబ్బు కట్టి ఐడీ వేసుకుని నెలలు గడిచాయి, కింద ఒక్కరూ చేరలేదు. వక్త దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. ప్రాడక్టులో లోపం లేదట, ప్లాన్‌లో లేదట, కంపెనీలో అసలే లేదట. ఉన్నదల్లా చేరినవాడి సిగ్గేనట. అడగందే అమ్మయినా పెట్టదని ఒక సామెత వినిపిస్తాడు. ఆహారం దగ్గరా వ్యవహారం దగ్గరా మొహమాటం పనికిరాదని ఇంకొకటి అందుకుంటాడు. హాలంతా చప్పట్లు. ఆ సిగ్గు పోగొట్టే రెండు రోజుల శిక్షణకు టికెట్టు మళ్లీ వేరే.

ఈ జవాబు పచ్చి అబద్ధం. గొలుసుకట్టు వ్యాపారం ఆడే అబద్ధాలన్నిటిలో క్రూరమైనది కూడా ఇదే. సబ్బు సాటిలేనిదని, పొడి మహిమ గొప్పదని చెప్పే అతిశయోక్తులను జనం ఏనాటికైనా పట్టేస్తారు. కానీ నష్టపోయిన మనిషి చేతే తన నష్టానికి తానే కారణమని ఒప్పించగలిగితే, అతను పోలీస్ స్టేషనుకు వెళ్లడు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడు, కనీసం ఇంట్లో కూడా నోరు విప్పడు. తన సిగ్గును తానే తిట్టుకుంటూ ఇంకో శిక్షణకు డబ్బు కడతాడు.

అసలు మనవాళ్లకు అమ్మడానికి సిగ్గా? ఆవకాయ పెట్టి అపార్ట్‌మెంటులో ఇంటింటికీ తిరిగే ఆమెకు ఏ బిడియమూ లేదు. మంగళగిరి చీరల మూట విప్పి వసారాలో పరిచేవాడికి లేదు. పక్కింటి పిన్నిగారితో గంటసేపు బేరమాడి, కొనకపోయినా మంచినీళ్లు తాగి నవ్వుతూ వెళ్తాడు. ఎల్‌ఐసీ ఏజెంటు మీద ఎన్ని జోకులున్నా, ఆయన వచ్చింది పాలసీ కోసమని వాకిట్లోకి రాగానే తెలిసిపోతుంది. వీళ్లెవరూ కొన్నవాణ్ని పట్టుకుని ‘ఇక నువ్వూ ఇదే పని చెయ్యి, నీ కింద ఇంకొందరిని చేర్చు, లేకపోతే నాకు గిట్టదు’ అనరు. చీర నచ్చితే తీసుకుంటాం, లేకపోతే లేదు. రేపు మళ్లీ ఎదురుపడితే ముఖం చాటేయాల్సిన పని ఇద్దరికీ ఉండదు.

‘కొనండి’ అనడానికి ఆడే నాలుక ‘చేరండి’ అనేసరికి తడబడుతోందంటే అందుకు కారణం ఉంది. తను చేరి ఇంకా రూపాయి కళ్లచూడలేదని అడిగేవాడికి తెలుసు. నెలకు లక్ష వస్తోందని చెప్పాలంటే అబద్ధమాడాలి. ఆ అబద్ధం ఆడాల్సింది కూడా ఊరూ పేరూ తెలియని వాడితో కాదు, చిన్నప్పుడు తనను చంకనేసుకుని తిరిగిన మేనత్తతో. ఆ క్షణాన గొంతులో అడ్డుపడేదాన్ని పిరికితనమంటున్నారు శిక్షకులు. మన పెద్దలు దాన్ని ఇంగితం అనేవారు.

శిక్షణలో ఏం నేర్పుతారో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. మొదటి పాఠం జాబితా. వంద పేర్లు రాయాలి. ఫోన్లో ఉన్న నంబర్లు, పెళ్లి ఆల్బంలో ఉన్న ముఖాలు, పాత క్లాస్‌మేట్లు, పాలవాడు, పిల్లల ట్యూషన్ టీచరు. ఎవరు చేరతారో ఎవరు చేరరో నువ్వు తేల్చకు, పేరు రాసెయ్యి అంటారు. రెండో పాఠం ఫోను. కంపెనీ పేరు చెప్పకూడదు, ప్రాడక్టు ఊసెత్తకూడదు, ఆసక్తి రేపి పెట్టేయాలి. ఆ ఫోను ఎలా ఉంటుందో పాఠకుల్లో చాలామందికి అనుభవమే.

‘బావా, ఆదివారం ఖాళీయేనా?’

‘ఏంట్రా, చాన్నాళ్లకి. అంతా కులాసాయేనా?’

‘ఆ, బానే ఉన్నాం. నీతో ఒక్క అరగంట పనుంది. అక్కని కూడా ఉండమను.’

‘ఏంటో చెప్పు మరి.’

‘ఫోన్లో చెప్పేది కాదు బావా. వస్తాగా. మా సార్‌ని కూడా తీసుకొస్తా.’

ఆ ‘సార్’ అప్‌లైన్, అంటే గొలుసులో అతనికి పైనున్నవాడు. ఆదివారం వస్తారు, కాఫీ తాగుతారు, పిల్లల చదువులు అడుగుతారు, ఆ తర్వాత తెల్లకాగితం మీద గుండ్రాలు గీయడం మొదలెడతారు. బావకు ఆసక్తి లేదు. కానీ ఇంటికొచ్చినవాడు భార్య తమ్ముడు. మొహమ్మీద వద్దంటే ఆమె ఏమనుకుంటుందో. మొన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు క్యారేజీ తెచ్చిందీ వీడే. పది వేలు పోతే పోయాయి, మాట పోకూడదు. ఐడీ పడుతుంది. దీన్నే వాళ్ల భాషలో ‘క్లోజింగ్’ అంటారు.

ఈ వ్యాపారం కీలకం ఇక్కడే ఉంది. చేర్పించేవాడి మొహమాటం పోవాలి, చేరేవాడి మొహమాటం మాత్రం చెక్కుచెదరకూడదు. ‘వ్యవహారం దగ్గర మొహమాటం కూడదు’ అన్న సామెతను వేదిక మీది మనిషి బావమరిదికే చెబుతాడు, బావకు చెప్పడు. బావ కూడా విని ఆచరణలో పెడితే ఆ గుండ్రాలన్నీ కాగితం మీదే ఆగిపోతాయి.

ఇందులో చట్టం మాటేమిటి? వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్రం 2021 డిసెంబరు 28న, ఇలాంటి కంపెనీలకు వర్తించే డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు ప్రకటించింది. అమ్మకానికి వచ్చిన మనిషి మాట మొదలుపెట్టగానే, ఎవరూ అడక్కుండానే, తానెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చాడో, ఏ సరుకు గురించో, ఎందుకోసం కలుస్తున్నాడో నిజాయతీగా చెప్పాలని అందులో ఉంది. ముందుగా అనుమతి తీసుకోకుండా, గుర్తింపు కార్డు లేకుండా ఇంటికి రాకూడదని ఉంది. ‘ఇంకొందరిని చూపిస్తే నీ డబ్బు నీకు తిరిగొస్తుంది’ అని ఆశపెట్టి కొనిపించకూడదని కూడా ఉంది. అంటే ‘ఫోన్లో చెప్పేది కాదు’ అనే పాఠం చట్టం అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకం. పైగా తన అమ్మకందారులు సరుకు పేరుతో గానీ, వ్యాపార అవకాశం పేరుతో గానీ తెచ్చిపెట్టే ఫిర్యాదులకు కంపెనీదే బాధ్యత అని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ‘అది అప్‌లైన్ సొంత పైత్యం, మాకు సంబంధం లేదు’ అని చేతులు దులుపుకునే వీలు కంపెనీకి లేదు. అయినా ఆ హాళ్లలో వారం వారం అదే పాఠం సాగుతోంది.

సిగ్గు విడిచి అడిగితే అందరూ పైకొస్తారన్నది వాళ్ల రెండో మాట. కాగితం మీద గుండ్రాలు గీసే వాళ్లు లెక్క మాత్రం చివరిదాకా వేయరు. ఒక్కో మనిషి ఆరుగురిని చేర్చాలన్నది ప్లాన్ అనుకుందాం. ఎవరికీ సిగ్గు లేదు, ఎవరూ కాదనలేదు. పైనున్న ఒక్కడి కింద పదో వరుస నిండేసరికి మొత్తం 7.25 కోట్ల మంది అవుతారు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా, ఉయ్యాల్లో పిల్లలతో సహా, 8.46 కోట్లు. పదకొండో వరుస ఒక్కదానికే 36 కోట్ల మంది కావాలి. వాళ్లను ఏ ఊరి నుంచి తేవాలి? గొలుసు ఏ వరుస దగ్గర తెగినా, తెగిన నాడు చేరినవాళ్లలో నూటికి 83 మంది అట్టడుగు వరుసలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు. ఆరుగురు కాదు, ఎడమొకరు కుడొకరు ఇద్దరు చాలన్నా సరే, సగం మందికి పైగా అడుగునే మిగులుతారు. ఇది బిడియస్తుల తప్పిదం కాదు. రెండో ఎక్కం వచ్చిన పిల్లవాడు కాగితం మీద తేల్చగల సంగతి.

పోనీ, కాస్తో కూస్తో అందరికీ వస్తోందా? డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల సంఘం లెక్కనే తీసుకుందాం. 2022-23లో దేశంలో ఈ రంగం టర్నోవరు 21,282 కోట్లు, అమ్మకందారులు 86 లక్షల మంది. భాగిస్తే తలకు ఏడాదికి పాతిక వేలు కూడా రాదు. నెలకు రెండు వేల చిల్లర. ఇది ఆదాయం కాదు, అమ్మకం. అందులోనూ సొంతానికి కొనుక్కున్నది ఎంతో ఎవరూ చెప్పరు. ఇక కమీషన్ వాటా ఎంత? ఆమ్వే ఇండియా 2002-03 నుంచి 2021-22 దాకా 27,562 కోట్లు వసూలు చేసి, పంపిణీదారులకు 7,588 కోట్లు కమీషన్‌గా ఇచ్చిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ప్రకటించింది. నాలుగో వంతుకు కాస్త పైన. ఆ దామాషాలో చూస్తే నెలకు రెండు వేల అమ్మకం మీద సగటున చేతికొచ్చేది ఆరు వందల లోపు. ఆదివారం మీటింగులకు ఆటో ఛార్జీలు, ఇస్త్రీ చేసిన చొక్కా, ఇంటికొచ్చినవాళ్లకు కాఫీ, టిఫిన్లు ఇంకా తీసేయలేదు. సగటంటేనే పైవాడి లక్షలు, కిందివాడి సున్నా కలిపి భాగించినది. అడుగు వరుసలో ఉన్నవాడికి ఆ ఆరు వందలూ గగనమే.

ఆ అడుగు వరుస ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. మంచం కింద అట్టపెట్టెలు. అందులో ప్రొటీన్ పొడి డబ్బాలు, టూత్‌పేస్టులు, ఒంటికి మంచిదన్న రసం సీసాలు. నెలాఖరుకు పాయింట్లు తక్కువైతే అప్పటిదాకా లెక్కలోకి వచ్చినవి మురిగిపోతాయని అప్‌లైన్ హెచ్చరించినప్పుడల్లా సొంత డబ్బుతో తెచ్చిపెట్టుకున్నవి. కొన్నిటికి గడువు తీరింది. తీరనివాటిని ఎదురింటివాళ్లకు సగం ధరకైనా ఇద్దామంటే ఆ ధరకు కిరాణా కొట్లో రెండొస్తాయి. ఇంటాయన అడిగితే ‘వాడకానికే’ అంటుంది ఇల్లాలు. ఆ ఇంట్లో అంత పేస్టుతో పళ్లు తోమేది ఎవరని ఆయనా అడగడు. సరుకు వాడుకోవడానికి కాదు, పైవాళ్ల వైభవం చూసి తామూ ధనవంతులమవుతామన్న ఆశతో కొత్త సభ్యులు కొంటున్నారని ఈడీ 2022 ఏప్రిల్‌లో ఆమ్వేకు చెందిన 757.77 కోట్ల ఆస్తులు జప్తు చేసినప్పుడు చెప్పింది. తాము చట్టానికి లోబడే నడుస్తున్నామని కంపెనీ అంటోంది. కోర్టు తేలుస్తుంది. మంచం కింద పెట్టెలకు మాత్రం కోర్టు తీర్పుతో పనిలేదు.

డబ్బు నష్టం ఎలాగోలా పూడుతుంది. మనిషి నష్టం పూడదు. ‘నెగెటివ్ మనుషులకు దూరంగా ఉండండి’ అన్నది శిక్షణలో ఇంకో పాఠం. నెగెటివ్ మనిషి అంటే ఎవరో కాదు, కాదన్న అన్నయ్య, లెక్క అడిగిన భార్య, ‘మనకెందుకురా ఇవన్నీ’ అన్న తండ్రి. చేరినవాళ్లు నష్టపోయి దూరమవుతారు, చేరనివాళ్లను శిక్షకుడే దూరం చేయిస్తాడు. ఏడాది తిరిగేసరికి పెళ్లిలో ఆ మనిషి పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. అమెరికాలో సైతం వాల్‌మార్ట్‌లోనో ఇండియన్ స్టోర్‌లోనో ‘మీరు తెలుగువారా?’ అని ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఫోను చెవికి పెట్టుకుని తప్పుకునే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. పరాయి దేశంలో సొంత భాష వినబడితే భయపడే గతి పట్టించిన ఘనత ఈ వ్యాపారానిదే.

పైవాడు అడిగితే కాదనలేని చోట ఈ గొలుసు మరీ వేగంగా అల్లుకుంటుంది. కాలేజీలో సీనియరు అడిగితే జూనియరు కాదనలేడు. నోయిడా కేంద్రంగా నడిచిన ఈబిజ్ సంస్థ విద్యార్థులను చేర్చుకుని చెయిన్ నడిపిందన్న కేసులో సైబరాబాద్ పోలీసులు 2019లో దాని నిర్వాహకులను అరెస్టు చేశారు. అమ్మానాన్నలు ఫీజుకని పంపిన డబ్బు కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీ పేరిట అటు మళ్లింది. అంతకు ముందు ఏడాదే హరియాణాలోని హిసార్ నుంచి నడిచిన ఫ్యూచర్ మేకర్ సంస్థ మీద అదే సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. మోసం విలువ 1,200 కోట్లన్నారు. ఎక్కడి హిసార్, ఎక్కడి హైదరాబాద్! మధ్యలో అన్ని వందల మైళ్ల దూరాన్ని కలిపింది టీవీ ప్రకటనలు కాదు. ఒకరి మాట ఒకరు కాదనలేకపోవడం.

అగ్రిగోల్డ్ కంపెనీ కథా ఇంతే. అది డైరెక్ట్ సెల్లింగ్ కాదు, డిపాజిట్ల వ్యవహారం. కానీ దాన్ని ఊరూరా మోసుకెళ్లింది కూడా ఇలాంటి మనుషులే. స్కూలు మాస్టారో, చుట్టమో, వీధిలో అందరికీ మంచివాడో ఏజెంటయ్యాడు. అతని ముఖం చూసి కూలి డబ్బులు కట్టారు. కంపెనీ కూలాక యజమానులు జనానికి దొరకలేదు, ఏజెంటు దొరికాడు. ఊళ్లో తలెత్తుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిట్లున్నవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించింది. ఎవరో చేసిన దగాకు పన్ను కట్టే ప్రతి ఒక్కరూ వాటా కట్టినట్టయింది.

ప్రభుత్వాలకు ఇవేవీ తెలియక కాదు. ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం 1978 నాటిది. ఆమ్వే పథకం ఆ చట్టం పరిధిలోకే వస్తుందని ప్రాథమికంగా కనబడుతోందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లోనే చెప్పింది. 2014లో కర్నూలు పోలీసులు ఆ కంపెనీ సీఈవోను గుర్‌గావ్ వెళ్లి అరెస్టు చేశారు. ఇంత చరిత్ర ఉన్న తెలుగు నేల మీద ఈ సభలు ఆగాయా? కేసు పెడతారు, పేపర్లో ఫొటో వస్తుంది, ఇంకో పేరుతో ఇంకో కంపెనీ దిగుతుంది. నిషేధ చట్టం కింద పథకం నడిపినవాడికి పడే గరిష్ఠ జరిమానా ఐదు వేల రూపాయలు, శిక్ష మూడేళ్లు. ఐదు వేలంటే వేదిక మీద పూలదండల ఖర్చు. సినిమా తారలు, క్రికెటర్లు ఈ కంపెనీలకు ముఖాలు అరువిస్తారు. సైబరాబాద్ పోలీసు కమిషనర్‌గా ఈబిజ్, ఫ్యూచర్ మేకర్ కేసులు నడిపిన సజ్జనార్, ఆర్టీసీ ఎండీగా ఉన్నప్పుడు కూడా, ఇలాంటి కంపెనీలకు ప్రచారం చేయొద్దని అమితాబ్ బచ్చన్ అంతటివాడికి బహిరంగంగా విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. బస్సులు నడిపే అధికారి చెప్పాల్సిన మాటా అది? వినియోగదారుల శాఖ మంత్రులు ఏం చేస్తున్నట్టు?

చేయదలచుకుంటే దారి లేకపోలేదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో హెర్బలైఫ్ అనే ఇలాంటి కంపెనీ చేత 20 కోట్ల డాలర్లు కట్టించింది. మరుసటి ఏడాది దాదాపు మూడున్నర లక్షల మంది నష్టపోయినవారికి చెక్కులు పంపింది. అంతకంటే ముఖ్యంగా, చేర్చినందుకు కాకుండా బయటి కొనుగోలుదారుకు నిజంగా అమ్మినందుకే ప్రతిఫలం దక్కేలా ప్లాన్ మార్చుకోమంది. అందరికీ కావలసిన గీటురాయి అదే. కొత్తగా ఒక్కరూ చేరకపోయినా సరుకు అమ్ముడుపోతుందా? పోతే అది వ్యాపారం, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు. పోకపోతే అది మనుషులను మనుషులకు అమ్మే పని.

డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలపై నిఘాకు రాష్ట్రాలు యంత్రాంగం ఏర్పాటు చేయాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. ఆ యంత్రాంగం ఎవరిదో, ఏ గదిలో కూర్చుంటుందో, ఇప్పటిదాకా ఎన్ని ఫంక్షన్ హాళ్లకు వెళ్లి చూసిందో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రజలకు చెప్పాలి. తమ రాష్ట్రంలో నడిచే ప్రతి కంపెనీ నుంచీ ఏ వరుసలో ఎందరున్నారో, ఒక్కొక్కరు ఎంత పెట్టి ఎంత తెచ్చుకున్నారో లెక్క రాబట్టి తెలుగులో ప్రచురించాలి. ఆ లెక్క హాలు గుమ్మంలో అతికించాకే లోపల మైకు పట్టుకోనివ్వాలి. జరిమానా సవరించే పని పార్లమెంటుది. మన ఎంపీలు ఆ మాట ఎత్తాలి.

చేరి నష్టపోయి, తనకు అడగడం చేతకాలేదని కుమిలిపోతున్నవారికి ఒక మాట. మీ నోరు పెగలకపోవడం వల్ల మీ చెల్లెలి పది వేలు మిగిలాయి. మీరు కట్టిన డబ్బు గురించి మాత్రం నోరు విప్పాలి. రసీదులు, మెసేజ్‌లు, మీటింగు ఫొటోలు దగ్గర పెట్టుకుని ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.